పూల్‌లో ఎవరు గొప్పో తేల్చడం ఎలా: ఒక దేశపు ఆటగాళ్ళ ర్యాంకింగ్‌కు సమగ్ర మార్గదర్శి

సంక్రాంతి సెలవుల్లో భీమవరం, తణుకు, పాలకొల్లు వైపు ఏ పూల్ (క్యూ కర్రతో బంతులను టేబుల్ పాకెట్లలోకి కొట్టే ఆట) పార్లర్‌లో అడుగుపెట్టినా ఒకటే రద్దీ. హైదరాబాద్, బెంగళూరుల నుంచి దిగిన కుర్రాళ్ళూ ఊళ్ళో ఉన్నవాళ్ళూ టేబుల్ కోసం వంతు కాస్తూ కూర్చుంటారు. అక్కడే వాదన లేస్తుంది. ఇండియాలో పూల్ నంబర్ వన్ ఎవరు? ఫిలిప్పీన్స్‌లో ఎవరు? ఒకడు ఫోన్లో క్లిప్ చూపిస్తాడు. ఒకడు ప్రైజ్ మనీ లెక్క చెబుతాడు. ఇంకొకడు పంకజ్ అద్వానీ పేరు చెప్పేసి, ఇక మాట్లాడేదేముంది అంటాడు. గంటసేపు గొంతులు లేచినా ఏదీ తేలదు. ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతుంటే తేలేదెలా?

ఈ వాదనకు నిలబడే జాబితా తయారు చేయడం సాధ్యమే. కావలసింది ఒక నోటు పుస్తకం లేదా ఫోన్లో ఒక షీట్, కాస్త ఓపిక, ఒక్క కట్టుబాటు: పేర్లు రాయకముందే నియమాలు రాసేయాలి. నచ్చిన పేరు పైన పెట్టుకుని, తర్వాత దానికి తగ్గ నియమం వెతికితే ఎదుటివాడు ఇట్టే పట్టేస్తాడు. ఇక్కడ పనంతా ఫిలిప్పీన్స్ ఉదాహరణతో చేసి చూపిస్తాను. ప్రపంచ విజేతలు అంతమంది ఉన్న దేశం కాబట్టి చిక్కులన్నీ అక్కడే బయటపడతాయి. తర్వాత అదే పద్ధతిని మన గోదావరి డెల్టాకు ఎలా వాడుకోవాలో చెబుతాను.

ముందు ప్రశ్న తేల్చుకోండి

మొదట ఏ ఆట అన్నది రాయండి. పంకజ్ అద్వానీ 2024 నవంబరులో దోహాలో గెలిచినదానితో కలిపి ఆయన ఖాతాలో 28 ప్రపంచ టైటిళ్ళున్నాయి. అవన్నీ బిలియర్డ్స్, స్నూకర్‌లలో వచ్చినవి. వాటిని తెచ్చి పూల్ జాబితాలో కలిపితే లెక్క తప్పుతుంది. స్నూకర్ టేబుల్ 12 అడుగులది, బంతి 52.5 మిల్లీమీటర్లు. టోర్నమెంట్ పూల్ టేబుల్ 9 అడుగులది, బంతి 57.15 మిల్లీమీటర్లు. పాకెట్ నోరు వేరు, క్యూ టిప్ వేరు, బ్రేక్ (ఆట మొదలుపెట్టే తొలి దెబ్బ) కొట్టే తీరు అసలే వేరు. అద్వానీని గౌరవించడానికి ఆయన జాబితా ఆయనకుంది. ఆయన పూల్ ఆడిన మ్యాచ్‌లుంటే వాటిని మాత్రమే పూల్ జాబితాలోకి తీసుకోండి.

పూల్‌లోనూ మూడు ఆటలున్నాయి. 8-బాల్‌లో ఒకళ్ళు నిండు రంగు బంతులు, ఇంకొకళ్ళు చారల బంతులు ముగించి చివర ఎనిమిదో బంతి వేయాలి. ఎటునుంచి మొదలుపెట్టి ఎటు ముగించాలన్న ప్లానింగ్‌కు ఇందులో విలువెక్కువ. 9-బాల్‌లో టేబుల్ మీద ఉన్న అతి చిన్న నంబరు బంతిని ముందు తాకాలి. తొమ్మిదో బంతి నియమం ప్రకారం ఎప్పుడు పడ్డా రాక్ (ఒక విడత ఆట) అయిపోతుంది కాబట్టి అదృష్టానికి కొంత చోటుంది. 10-బాల్‌లో ఏ బంతి ఏ పాకెట్‌లోనో ముందే చెప్పి కొట్టాలి, అందుకని గాలివాటు తక్కువ. మూడింటికీ కలిపి ఒకే జాబితా వేస్తారా, విడివిడిగా వేస్తారా అన్నది మీ ఇష్టం. కలిపితే ఏ ఆటకు ఎంత వాటా ఇస్తున్నారో రాసిపెట్టండి. నేనైతే మూడింటికీ సమానంగా ఇస్తాను.

రెండోది కాలం. జీవితకాలపు గొప్పతనం ఒక జాబితా, ఇప్పటి బలం ఇంకో జాబితా. ఈ రెండూ కలిపితే గొడవ ఎప్పటికీ తెగదు. 1954లో పుట్టిన ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్‌ను ఇవాళ్టి ఫామ్ జాబితాలో పైన పెట్టడం ఎంత తప్పో, జీవితకాలపు జాబితాలో కింద పెట్టడం కూడా అంతే తప్పు. ఇప్పటి జాబితాకు రెండేళ్ళ ఫలితాలు చాలు. ప్రొఫెషనల్ స్నూకర్ ప్రపంచ ర్యాంకింగ్ కూడా గడిచిన రెండేళ్ళ మీదే నడుస్తుంది, కొత్త టోర్నీ చేరుతుంటే పాతది రాలిపోతుంటుంది. దీనికి నేను చేర్చే మార్పు ఒక్కటే: దగ్గరి 12 నెలలకు పూర్తి విలువ, అంతకు ముందరి 12 నెలలకు సగం.

ఎవరు ఏ దేశం వాళ్ళు?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ జాబితాను తలకిందులు చేయగలదు. ఫెడర్ గోర్స్ట్ 2019లో రష్యా తరఫున 9-బాల్ ప్రపంచ విజేత అయ్యాడు, 2024లో అమెరికా జెండా కింద మళ్ళీ గెలిచాడు. అలెక్స్ పాగులాయన్ ఫిలిప్పీన్స్‌లో పుట్టి కెనడాలో పెరిగాడు, 2004 ప్రపంచ టైటిల్ కెనడా ఆటగాడిగా గెలిచాడు. 2005లో వరల్డ్ పూల్ మాస్టర్స్ గెలిచిన రాజ్ హుందాల్ ఇంగ్లండ్ ఆటగాడిగా పేరు తెచ్చుకుని తర్వాత ఇండియా తరఫున ఆడాడు.

నా నియమం ఇది: జీవితకాలపు జాబితాలో ఏ జెండా కింద గెలిస్తే ఆ దేశానికి ఆ ఫలితం. ఇప్పటి జాబితాలో ఆటగాడు ఇవాళ ఏ దేశం తరఫున ఆడుతున్నాడో ఆ దేశానికి అతని రెండేళ్ళ ఫలితాలన్నీ. మీకు పుట్టిన ఊరే ముఖ్యమనిపిస్తే అలాగే పెట్టుకోండి, కానీ ఒకళ్ళకు ఒక న్యాయం, ఇంకొకళ్ళకు ఒక న్యాయం ఉండకూడదు.

ఏం రాసుకోవాలి

ప్రతి మ్యాచ్‌కూ ఒక వరుస. తేదీ, టోర్నీ, ఏ ఆట, ఎదుటి ఆటగాడు, స్కోరు, ఎన్ని రాక్‌లకు రేస్ (ముందుగా ఎన్ని రాక్‌లు గెలిస్తే మ్యాచ్), బ్రేక్ ఎవరికి అన్నవి తప్పకుండా ఉండాలి. గెలిచినవాడికే మళ్ళీ బ్రేక్ ఇచ్చే పద్ధతిలో ఒకడు వరసగా నాలుగైదు రాక్‌లు లాగేసుకోవచ్చు, రెండోవాడు కుర్చీలోంచి లేచే అవకాశమే రాదు. బ్రేక్ మార్చి మార్చి ఇస్తే స్కోర్లు దగ్గరగా వస్తాయి. ఈ సంగతి రాసుకోకుండా 9-2, 9-6 స్కోర్లను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

టేబుల్ కూడా చూసుకోవాలి. ప్రపంచ పూల్ సమాఖ్య కొలతల ప్రకారం మూల పాకెట్ వెడల్పు నాలుగున్నర అంగుళాలకు కాస్త అటుగా ఉంటుంది. ఇప్పుడు పెద్ద 9-బాల్ టోర్నీలలో కొన్ని 4 అంగుళాలకు బిగించేశాయి. ఆ అర అంగుళంతో కుషన్ (టేబుల్ అంచు రబ్బరు) వెంబడి గట్టిగా కొట్టే షాట్ల లెక్కే మారిపోతుంది. మన ఊళ్ళలో చాలాచోట్ల 8 అడుగుల టేబుల్, వెడల్పు పాకెట్లు. పైగా వర్షాకాలంలో క్లాత్ తేమ పీల్చుకుని బంతి బరువుగా కదులుతుంది, కుషన్ నుంచి వచ్చే కోణం కూడా మారుతుంది. ఆగస్టులో ఏసీ లేని హాల్లో ఆడిన మ్యాచ్‌నీ జనవరిలో ఏసీ హాల్లో ఆడినదాన్నీ ఒకే తాసులో తూచకూడదు.

రేస్ పొడవు: అందరూ వదిలేసే లెక్క

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవమంటాను.

ఇద్దరు ఆటగాళ్ళున్నారు. మొదటివాడు కొంచెం మెరుగు, వంద రాక్‌లు ఆడితే 55 అతనివి, 45 రెండోవాడివి. ప్రొఫెషనల్ స్థాయిలో ఇది చెప్పుకోదగ్గ తేడాయే. వీళ్ళు రేస్ టు 5 ఆడితే, అంటే ముందు ఐదు రాక్‌లు గెలిచినవాడిదే మ్యాచ్ అనుకుంటే, మెరుగైనవాడు వంద మ్యాచ్‌లలో గెలిచేది 62 మాత్రమే. మిగతా 38 సార్లు ఓడిపోతాడు. రేస్ టు 9కి పెంచినా గెలుపు 66కి చేరుతుంది, అంతే. అదే రేస్ టు 120 అయితే గెలుపు 94 దాకా వెళ్తుంది.

ఇప్పుడు నాకౌట్ టోర్నీకి వద్దాం. 64 మంది ఆడితే విజేత ఆరు మ్యాచ్‌లు గెలవాలి. ప్రతి మ్యాచ్‌లోనూ మనవాడు ఎదుటివాడి కంటే ఇలా కొంచెం మెరుగే అనుకుందాం. రేస్ టు 9లో ఒక్కో మ్యాచ్ గెలిచే అవకాశం వందకు 66. ఆరూ గెలిచే అవకాశం లెక్క వేస్తే వందకు 8 మాత్రమే. అంటే ఆ హాల్లో అందరికంటే మెరుగైన ఆటగాడు కూడా పన్నెండు టోర్నీలకు ఒక్కటి గెలిస్తే గొప్ప. ఒక్క టోర్నీ ఓడాడని ఎవరినీ జాబితాలోంచి కిందకు తోసేయకూడదు, ఒక్కటి గెలిచాడని ఎవరినీ నెత్తికెక్కించుకోకూడదు.

1996లో హాంకాంగ్‌లో ఎఫ్రెన్ రేయెస్, అమెరికాకు చెందిన ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ లక్ష డాలర్లకు రేస్ టు 120 ఆడారు. ఆ మ్యాచ్‌కు 'ద కలర్ ఆఫ్ మనీ' అని పేరు పెట్టారు. స్కోరు 120-117, రేయెస్ గెలిచాడు. 237 రాక్‌లు ఆడితే ఇద్దరి మధ్య తేడా మూడు. ఆ మ్యాచ్ రేయెస్ గొప్పతనానికి సాక్ష్యమే, కానీ అంతకంటే బలంగా ఇద్దరూ సమఉజ్జీలని చెబుతుంది. ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు నేను గెలిచినవాడి పేరు పక్కన పెద్ద గీత గీయను. ఇద్దరినీ ఒకే మెట్టు మీద పెడతాను.

కాబట్టి స్కోరు రాసుకునేటప్పుడు మ్యాచ్ గెలుపు కన్నా రాక్‌ల లెక్కకు విలువివ్వండి. 9-8 గెలుపులో ఉన్న సమాచారం చాలా తక్కువ. 9-1 గెలుపులో చాలా ఉంది.

టైటిళ్ళకు మార్కులు వేయడం

జీవితకాలపు జాబితాకు పాత మ్యాచ్‌ల రాక్ లెక్కలన్నీ దొరకవు, అందుకని టైటిళ్ళ మీద ఆధారపడక తప్పదు. ఒక చిన్న పట్టిక వేద్దాం. ప్రపంచ సింగిల్స్ టైటిల్‌కు 10 మార్కులు, ప్రపంచ రన్నరప్‌కు 5, అమెరికా యూఎస్ ఓపెన్ 9-బాల్‌కు 6, వరల్డ్ గేమ్స్ స్వర్ణానికి 4, ఇద్దరేసి ఆడే వరల్డ్ కప్ ఆఫ్ పూల్‌కు ఒక్కొక్కరికి 3. ఉదాహరణ కాబట్టి పద్ధతి అర్థమయ్యేటంతవరకు కొన్ని పెద్ద టైటిళ్ళే తీసుకుంటున్నాను. నిజంగా వేసేటప్పుడు అన్నీ చేర్చాలి.

ఎఫ్రెన్ రేయెస్: 1999 ప్రపంచ 9-బాల్, 2004 ప్రపంచ 8-బాల్, 1994 యూఎస్ ఓపెన్, ఫ్రాన్సిస్కో బుస్తమాంటేతో కలిసి 2006, 2009 వరల్డ్ కప్‌లు. మొత్తం 32.

కార్లో బియాడో: 2017, 2025 ప్రపంచ 9-బాల్, 2021 యూఎస్ ఓపెన్, 2017 వరల్డ్ గేమ్స్ స్వర్ణం. మొత్తం 30.

ఫ్రాన్సిస్కో బుస్తమాంటే: 2010 ప్రపంచ 9-బాల్, 2002 రన్నరప్, రెండు వరల్డ్ కప్‌లు. మొత్తం 21.

రొనాటో అల్కానో: 2006 ప్రపంచ 9-బాల్, 2007 ప్రపంచ 8-బాల్. మొత్తం 20.

పాగులాయన్‌కు 2004 ప్రపంచ టైటిల్, 2005 యూఎస్ ఓపెన్ కలిపి 16 వస్తాయి, కానీ మనం పెట్టుకున్న జెండా నియమం వల్ల ప్రపంచ టైటిల్ ఈ జాబితాలోకి రాదు. పుట్టిన ఊరు నియమం పెట్టుకున్నవాళ్ళ జాబితాలో ఐదో వరుసలో నిలుస్తాడు.

పట్టిక వేశాక చాలామంది ఆగిపోతారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మార్కులను కొంచెం కదిపి చూడండి. రన్నరప్‌కు 5 బదులు 3 ఇస్తే బుస్తమాంటే 19కి దిగి అల్కానో వెనక్కి పోతాడు. వరల్డ్ గేమ్స్ స్వర్ణానికి 4 బదులు 6 ఇస్తే బియాడో 32తో రేయెస్‌తో సమానం. మార్కులు కాస్త కదిలితే మారిపోయే స్థానం నిజమైన స్థానం అనిపించుకోదు. మార్కులు ఇలా కాస్త కదిపినా రేయెస్, బియాడో ఇద్దరూ పై మెట్టులోనే ఉంటారు, బుస్తమాంటే, అల్కానో రెండో మెట్టులోనే ఉంటారు. అందుకే ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఇచ్చే ముందు మెట్లు విడగొట్టాలి. ఒకే మెట్టులో ఉన్నవాళ్ళ మధ్య వరుస అన్నది మీ అభిప్రాయం, దాన్ని అభిప్రాయమనే రాయాలి.

నా అభిప్రాయం అడిగితే రేయెస్‌నే పైన పెడతాను. 8-బాల్, 9-బాల్ రెండింటిలోనూ ప్రపంచ విజేత. అమెరికావాళ్ళు కానివాళ్ళు అంతవరకు గెలవని యూఎస్ ఓపెన్‌ను గెలిచిన మొదటి మనిషి. దీనికి 120 రేస్ కూడా కలుపుకోండి. కానీ బియాడో 2017లో ఒకసారి, ఎనిమిదేళ్ళ తర్వాత 2025లో మళ్ళీ ప్రపంచ టైటిల్ కొట్టాడు. అన్ని దేశాలవాళ్ళూ గట్టిగా ఆడుతున్న ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు. బియాడోనే పైన పెట్టేవాళ్ళతో నేను గొడవపడను.

ప్రైజ్ మనీతో ర్యాంకు ఇవ్వడం తేలిక గానీ జీవితకాలపు జాబితాకు పనికిరాదు. 2006లో రీనోలో 8-బాల్ టోర్నీ గెలిచినందుకు రేయెస్‌కు ప్రకటించిన మొదటి బహుమతి 5 లక్షల డాలర్లు. డబ్బు లెక్కలో ఆ ఒక్క వారం అతని రెండు ప్రపంచ టైటిళ్ళనూ మింగేస్తుంది.

ఆడవాళ్ళ ఆట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రుబిలెన్ అమిత్ 2009, 2013లలో మహిళల 10-బాల్, 2024లో మహిళల 9-బాల్ ప్రపంచ టైటిళ్ళు గెలిచింది. చెజ్కా సెంటెనో 2023లో మహిళల 10-బాల్ గెలిచింది. ఈ పోటీల్లో ఎదుటివాళ్ళు వేరు కాబట్టి మార్కులు కలపకుండా వాళ్ళ జాబితా వాళ్ళకు వేయడం న్యాయం. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఆడే ఓపెన్ టోర్నీలు ఉన్నచోట మాత్రం కింద చెప్పబోయే రేటింగ్‌తో అందరినీ ఒకే వరుసలో పెట్టవచ్చు. ఆడవాళ్ళ జాబితా అసలు వేయకుండా 'దేశంలో ఉత్తమ ఆటగాళ్ళు' అని శీర్షిక పెడితే ఆ శీర్షికకు అర్థం లేదు.

రేటింగ్: ఇప్పటి బలం కొలిచే సాధనం

చదరంగం చూసేవాళ్ళకు ఎలో రేటింగ్, అంటే ఆటగాడి బలాన్ని ఒక అంకెలో చెప్పే లెక్క, కొత్త కాదు. 2024లో మన అర్జున్ ఇరిగేసి 2800 దాటినప్పుడు ఇంటింటా వినిపించిన లెక్క అదే. పూల్‌లో దానికి దగ్గరి బంధువు ఫార్గో రేటింగ్. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రపు ఫార్గో నగరంలో మైక్ పేజ్ అనే ఆయన రూపొందించాడు. ప్రపంచ స్థాయి ఆటగాళ్ళు 800 పైన ఉంటారు. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే బలమైనవాడు రెండు రాక్‌లు గెలిచేలోపు రెండోవాడు ఒకటి గెలుస్తాడు. 200 తేడా అయితే నాలుగుకు ఒకటి.

వందకు ఎన్ని రాక్‌లు గెలవాలో ఈ చిన్న లెక్క నోటు పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి: తేడా ఏమీ లేకపోతే 50, తేడా 25 అయితే 54, 50 అయితే 59, 100 అయితే 67, 150 అయితే 74, 200 అయితే 80.

చేత్తో వేసే పద్ధతి చూడండి. భీమవరం ఆటగాడి రేటింగ్ 600, కాకినాడ ఆటగాడిది 500 అనుకుందాం. రేస్ టు 9లో భీమవరం 9-7తో గెలిచాడు. మొత్తం 16 రాక్‌లు. 100 పాయింట్ల తేడా ప్రకారం భీమవరం గెలవాల్సినవి 16లో మూడింట రెండు వంతులు, అంటే 10.67. గెలిచినవి 9. లోటు 1.67. దాన్ని రెండుతో హెచ్చిస్తే 3.3. భీమవరం రేటింగ్ 597కి దిగుతుంది, కాకినాడది 503కి ఎక్కుతుంది. మ్యాచ్ గెలిచినవాడి రేటింగ్ తగ్గింది! పార్లర్‌లో ఈ లెక్క మొదటిసారి చూపిస్తే గెలిచిన కుర్రాడు ఒప్పుకోడు. ఒప్పుకోవాలి. వంద పాయింట్లు తక్కువ ఉన్నవాడు ఏడు రాక్‌లు లాగాడంటే ఆ తేడా నిజంగా వంద లేదన్నమాట. అదే మ్యాచ్ 9-3తో ముగిస్తే 12 రాక్‌లలో రావాల్సినవి 8, వచ్చినవి 9. భీమవరం 602, కాకినాడ 498.

కొత్త ఆటగాళ్ళకు మొదటి 50 రాక్‌ల వరకు రెండు బదులు ఎనిమిదితో హెచ్చించండి, అసలు స్థాయికి త్వరగా చేరతారు. ఫార్గోలో 200 రాక్‌లు నమోదైతే గానీ రేటింగ్ కుదురుకున్నట్టు లెక్కించరు. మీరూ అదే గీత గీసుకోండి. అంతకు లోపు ఉన్నవాళ్ళ పేర్లు జాబితా కింద విడిగా 'ఇంకా తేలనివారు' అని పెట్టండి.

కలవని గుంపులు

రేటింగ్‌కు ఒక పెద్ద గండి ఉంది. అమలాపురం కుర్రాళ్ళు అమలాపురంలోనే ఒకళ్ళతో ఒకళ్ళు ఆడుకుంటారు. నరసాపురం వాళ్ళు నరసాపురంలోనే. మధ్యలో వశిష్ఠ. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతలకు వెళ్ళి మ్యాచ్ ఆడినవాడు ఒక్కడూ లేకపోతే, అమలాపురంలో 620 ఉన్నవాడికీ నరసాపురంలో 620 ఉన్నవాడికీ ఏ సంబంధమూ లేదు. రెండూ వేర్వేరు లెక్కలు. బలహీనమైన గుంపులో మొదటివాడి అంకె, బలమైన గుంపులో మధ్యవాడి అంకె ఒకటే కావచ్చు.

దీనికి మందు వంతెన మ్యాచ్‌లు. అటునుంచి ముగ్గురు, ఇటునుంచి ముగ్గురు, పైనున్నవాళ్ళే కాకుండా మధ్యలో ఉన్నవాళ్ళూ కలిసి, ప్రతి ఒక్కరూ అవతలి ముగ్గురితోనూ రేస్ టు 9 ఆడితే తొమ్మిది మ్యాచ్‌లు, వందకు పైగా రాక్‌లు వస్తాయి. గుంపుల మధ్య తేడా ఎంతో మొత్తంగా చూసి, ఒక గుంపు అంకెలన్నీ అంతమేర పైకో కిందకో జరపండి. ఒక్క స్టార్ ఆటగాడిని పంపి తేల్చేద్దామనుకోకండి, ఆ ఒక్కడికీ ఆ రోజు కడుపునొప్పి వస్తే ఊరంతటి లెక్కా తప్పుతుంది.

దేశాల స్థాయిలో ఇండియా ఆటగాళ్ళకు వచ్చే చిక్కు కూడా అచ్చం ఇదే. జాతీయ పోటీల్లో 8-బాల్, 9-బాల్, 10-బాల్ విభాగాలున్నాయి. ఫలితాలు చూసేటప్పుడు ఒకటి గమనించండి: ఆటగాళ్ళు రాష్ట్రాల తరఫునే కాదు, రైల్వేస్, పెట్రోలియం బోర్డు లాంటి సంస్థల తరఫున కూడా ఆడతారు, కాబట్టి పేరు పక్కన రాష్ట్రం కనిపించకపోతే కంగారుపడకండి. జాతీయ పోటీలు దేశంలో వరుస చెబుతాయి. ఆ వరుసలో మొదటివాడు ప్రపంచంలో ఎక్కడున్నాడో చెప్పాలంటే బయటి దేశాల ఓపెన్ టోర్నీలలో వచ్చిన రాక్‌లే వంతెన. ఆ మ్యాచ్‌లలో మొదటి రౌండులో 9-6తో ఓడినా సరే, ప్రతి స్కోరూ వదలకుండా రాసుకోండి. ఇంట్లో గెలిచిన పది 9-2ల కన్నా, బలమైన ఆటగాడి చేతిలో ఓడిన ఆ 9-6 ఎక్కువ సంగతి చెబుతుంది.

కంటితో చూసే లెక్క

అంకెలు దొరకని ఆటగాడుంటే మ్యాచ్ వీడియో పెట్టుకుని లెక్కించవచ్చు. అమెరికాలో ఆక్యు-స్టాట్స్ వాళ్ళు వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆటగాడు వేసిన బంతులను, వేసిన బంతులూ తప్పులూ కలిపిన మొత్తంతో భాగించాలి. బంతి తప్పితే ఒక తప్పు. బంతి పడినా పొజిషన్ చెడి తర్వాతి షాట్ లేకుండా పోతే అదీ తప్పే. క్యూ బాల్ (కర్రతో కొట్టే తెల్ల బంతి) పాకెట్‌లో పడితే తప్పు. సేఫ్టీ (ఎదుటివాడికి తేలికైన షాట్ దొరకకుండా ఆడే దెబ్బ) ఆడబోయి ఎదుటివాడికి తేలికైన బంతి ఇస్తే తప్పు. 70 బంతులు వేసి 7 తప్పులు చేస్తే 70ని 77తో భాగించి 0.909. 0.900 దాటితే అది పై స్థాయి ఆట.

ఒక్క మ్యాచ్‌కు గంటన్నర కూర్చోవాలి, అయినా చేసి తీరాల్సిన పని. ఎందుకంటే కన్ను ఎంత మోసం చేస్తుందో అప్పుడే తెలుస్తుంది. 1995లో స్ట్రిక్‌లాండ్ మీద రేయెస్ కొట్టిన జెడ్ షాట్ క్లిప్ లక్షలమంది చూశారు. దారి మూసుకుపోయిన చోట క్యూ బాల్‌ను కుషన్ల మీదుగా జెడ్ ఆకారంలో తిప్పి తెచ్చిన షాట్ అది. కానీ రేయెస్ మ్యాచ్ మొత్తం పెన్సిల్ పట్టుకుని చూస్తే గొప్పతనం వేరేచోట కనిపిస్తుంది. కష్టమైన షాట్ కొట్టాల్సిన అవసరమే రాకుండా మూడు బంతుల ముందే క్యూ బాల్‌ను తీసుకెళ్ళి పెడతాడు. క్లిప్పుల్లో అది పడదు. షోగా ఆడేవాళ్ళకు క్లిప్పులు ఎక్కువ మార్కులిస్తాయి, నిశ్శబ్దంగా రాక్ ఊడ్చేసేవాళ్ళకు తక్కువ.

పందెం ఆటల గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. ఫిలిప్పీన్స్‌లో అవి చాలా ఎక్కువ, పండగ రోజుల్లో మన దగ్గరా లేకపోలేదు. స్కోరు బయటికి రాని ఆటను జాబితాలో కలపకండి. ఎవరు ఎంత హ్యాండిక్యాప్ (బలహీనుడికి ముందే ఇచ్చే వెసులుబాటు) ఇచ్చారో, ఎవరు కావాలని తగ్గి ఆడారో తెలియదు. జనం ముందు, ముందే చెప్పిన నియమాలతో, పొడవైన రేస్ ఆడి స్కోరు నమోదైతే మాత్రం తీసుకోవచ్చు.

జాబితా బయటపెట్టడం

టైటిళ్ళ మెట్లు ఒక పక్క, రేటింగ్ వరుస ఇంకో పక్క పెట్టండి. ఇప్పటి జాబితాకు రేటింగే ఆధారం, జీవితకాలపు జాబితాకు మెట్లే ఆధారం. రెండింటినీ సగటు చేసి మూడో అంకె పుట్టించకండి, దానికి అర్థం ఉండదు.

పది పేర్లకు మించి వద్దు. పదో పేరు తర్వాత తేడాలు అంత సన్నగా ఉంటాయి, మీ నియమాలకు వాటిని విడదీసే శక్తి లేదు.

ప్రతి పేరు పక్కన ఒకటి రెండు వాక్యాలు రాయండి, ఎందుకు ఆ స్థానం ఇచ్చారో. అంకెలకు అందనిది అక్కడే చెప్పాలి. 2002 ప్రపంచ పోటీలో బుస్తమాంటే ఆడుతుండగా ఇంటి దగ్గర పసిబిడ్డ చనిపోయింది. ఆ కబురు విన్నాక కూడా ఫైనల్ దాకా వచ్చి స్ట్రిక్‌లాండ్ చేతిలో ఓడాడు. మన పట్టికలో దానికి పడింది ఐదు మార్కులే, పెంచమని నేను అనను. కానీ అతని పేరు పక్కన ఆ సంగతి లేకపోతే చదివేవాడికి ఆ 5 ఏమిటో తెలియదు.

నియమాలన్నీ జాబితా పైనే రాయండి: ఏ ఆటలు, ఏ కాలం, ఏ జెండా నియమం, మార్కులెలా వేశారు. కింద తేదీ వేయండి. మూడు నెలలకోసారి మాత్రమే మార్చండి, ఆదివారం రాత్రి ఎవడో ఓడిపోయాడని సోమవారం పొద్దున్నే తిరగరాయకండి. నియమం మార్చాలనిపిస్తే కొత్త మూడు నెలల నుంచి అమలు చేయండి, పాత జాబితా అలాగే ఉంచండి.

డెల్టాకు మొదలుపెట్టాలనుకుంటే దసరాకు రాసుకోవడం మొదలుపెట్టినా చాలు. ఒక్కో పార్లర్‌లో కౌంటర్ దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టించండి, టేబుల్ డబ్బులు కట్టేటప్పుడే ఇద్దరూ స్కోరు రాసి సంతకం చేయాలి. వారానికోసారి ఒకళ్ళు వాటిని షీట్‌లోకి ఎక్కించాలి. భీమవరం, తణుకు, పాలకొల్లు, నరసాపురం, అమలాపురం, రావులపాలెం, రాజమహేంద్రవరం, కాకినాడ. ఈ ఎనిమిది ఊళ్ళలో ఊరికి పదిమంది చొప్పున రాసినా చాలు. వంతెన మ్యాచ్‌లకు సంక్రాంతి సెలవులు ఎలాగూ ఉన్నాయి, అప్పటికి అందరూ ఊళ్ళోనే ఉంటారు. రేస్ టు 9కి తగ్గకుండా, బ్రేక్ మార్చి మార్చి ఇస్తూ, వీలైతే ఏసీ ఉన్న హాల్లో పెట్టండి.